క్రీడల పేజీలో సైకిల్ పందేలకు రోజూ కొంత చోటు ఇవ్వండి

సంపాదకులకు నమస్కారం.

2025 టూర్ డి ఫ్రాన్స్ సైకిల్ పందెం జూలై 27న పారిస్‌లో ముగిసింది. మరునాటి మీ పత్రికలో క్రీడల పేజీ అడుగున, సంక్షిప్త వార్తల వరుసలో దానికి మూడు వాక్యాలు దక్కాయి. స్లొవేనియాకు చెందిన తాదెయ్ పొగాచర్ నాలుగోసారి విజేతగా నిలిచాడని, డెన్మార్క్ రైడర్ యోనాస్ వింగెగార్డ్ రెండో స్థానంలో నిలిచాడని, పందెం మూడు వారాలు సాగిందని వాటి సారాంశం. అందులో తప్పు ఒక్కటీ లేదు. కానీ ఆ సాయంత్రం పారిస్‌లో జరిగినదేదీ కూడా అందులో లేదు. వానకు రోడ్లు జారుతున్నాయని నిర్వాహకులు గమ్యానికి 50 కిలోమీటర్ల ముందే మొత్తం టైము లెక్కను ఆపేశారు. అంటే పొగాచర్ అక్కడి నుంచి నింపాదిగా తొక్కుకుంటూ వచ్చి గీత దాటినా టైటిల్ అతనిదే. అయినా అతను మోంమార్త్ర్ గుట్ట మీద, తడిసిన రాతి బాటలో, గుంపును చీల్చుకుని ముందుకు దూకాడు. చివరిసారి గుట్ట ఎక్కేటప్పుడు బెల్జియం రైడర్ వౌట్ వాన్ ఆర్ట్ అతన్ని వెనక వదిలేసి ఒంటరిగా వెళ్లి ఆ రోజు స్టేజీ, అంటే ఆ ఒక్కనాటి పందెం, గెలిచాడు. టైటిల్ చేతికందినవాడు జారిపడే ప్రమాదం నెత్తిన పెట్టుకుని ఎందుకు పోరాడాలన్న దాని మీద మా ఊళ్లో మేం కొందరం చాలా రోజులు వాదించుకున్నాం. ఆ వాదన ఇంకా తెగలేదు.

నేను కోరుతున్నది పెద్ద విషయమేమీ కాదు. టూర్ డి ఫ్రాన్స్ జరిగే మూడు వారాలూ, వీలయితే మే నెలలో ఇటలీలో జరిగే జీరో డి ఇటాలియాకు, ఆగస్టు, సెప్టెంబరు నెలల్లో స్పెయిన్‌లో జరిగే వుయెల్టాకు కూడా, ఏ రోజు వార్త ఆ మరునాడు ఒక చిన్న పేరాగా మీ పత్రికలో రావాలి. ఆ పేరాలో ఎవరు గెలిచారన్నదే కాక, ఎందుకు గెలిచారన్నది కూడా ఉండాలి. ఆఖరి రోజు ఫలితం ఒక్కటే వేస్తే ఈ ఆటకు సంబంధించినంతవరకు అది వార్త వేసినట్టు కాదని నా అభిప్రాయం.

కారణం ఈ పందెం నడిచే తీరులోనే ఉంది. క్రికెట్ మ్యాచ్ చూడనివాడు కూడా స్కోరుకార్డు చదివి ఆట సగం ఊహించుకోగలడు. సైకిల్ పందెంలో అలా కుదరదు. టూర్‌లో 21 స్టేజీలుంటాయి, మొత్తం దూరం 3,300 కిలోమీటర్ల అటూ ఇటూ ఉంటుంది; నెల్లూరు నుంచి చెన్నైకి ఎంత దూరమో సుమారుగా అంత దూరం, తరచు రెండు మూడు కొండలతో సహా, దాదాపు రోజూ తొక్కాలి. ప్రతి రైడరుకూ ప్రతి రోజూ పట్టిన సమయాన్ని కూడుకుంటూ పోతారు. అందరికంటే తక్కువ సమయం ఎవరిదో వారు పసుపు జెర్సీ వేసుకుంటారు. ఒక్క స్టేజీ కూడా గెలవకుండా టూర్ గెలవవచ్చు. నాలుగైదు స్టేజీలు గెలిచినవాడు మొత్తం లెక్కలో వందో స్థానంలో ఉండవచ్చు. ఇది తెలియని పాఠకుడికి ఒక రోజు ఒకరి పేరు, మరో రోజు ఇంకొకరి పేరు, చివర మూడో మనిషి పేరు కనిపిస్తే అయోమయం కాక ఏముంటుంది? ఆ మధ్య ఒక స్టేజీ గెలిచిన రైడరు ఫొటో వేసి కింద ‘టూర్ విజేత’ అని రాశారు. అప్పటికి పందెం ఇంకా పది రోజులకు పైగా మిగిలే ఉంది.

అసలీ పందేలు పుట్టిందే పత్రికల కోసం. 1903లో టూర్‌ను మొదలుపెట్టింది ‘లోటో’ అనే ఫ్రెంచి క్రీడా పత్రిక. ‘లె వేలో’ అనే పోటీ పత్రిక దెబ్బకు అమ్మకాలు లేక అల్లాడుతున్న రోజుల్లో, దేశమంతా చుట్టివచ్చే సైకిల్ పందెం పెడదామని ఆ పత్రికలోని యువ విలేఖరి జియో లెఫేవ్ర్ సూచించాడు. సంపాదకుడు ఆన్రీ డెగ్రాంజ్ సరేనన్నాడు. తొలి స్టేజీయే పారిస్ నుంచి లియోన్ దాకా 467 కిలోమీటర్లు. రైడర్లు రాత్రంతా చీకట్లో తొక్కారు. చూసినవాళ్లు అరకొర మంది. మిగిలిన దేశమంతా ఏం జరిగిందో మరునాడు పత్రిక కొని తెలుసుకోవలసిందే. పందేనికి ముందు సుమారు 25 వేలున్న ఆ పత్రిక అమ్మకం పందెం అయ్యాక 65 వేలకు చేరింది, పోటీ పత్రిక మరుసటి ఏడాదే మూతపడింది. ‘లోటో’ను పసుపు కాగితం మీద అచ్చువేసేవారు, 1919లో మొదలైన పసుపు జెర్సీకి ఆ రంగు అక్కడి నుంచే వచ్చిందంటారు. ఇటలీ పందెం 1909లో ‘గజెట్టా డెల్లో స్పోర్ట్’ పత్రిక పెట్టింది. ఆ పత్రిక కాగితం గులాబీ రంగు, అక్కడి నాయకుడి జెర్సీ కూడా గులాబీయే. కంటికి కనిపించని పందేన్ని రాతలో చూపించడం కోసం పుట్టిన ఆట ఇది. దీన్ని మూడు వాక్యాల్లో ముగించడం ఒక పత్రికకు తగదు.

రాతలో చూపించడం అంటే ఏమిటో 2025 జీరోతో చెబుతాను. దాని ఫలితాన్ని కూడా మన పత్రికల్లో ‘బ్రిటన్ రైడర్ సైమన్ యేట్స్ విజయం’ అని వేసి వదిలేశారు. ఆఖరి రోజుకు ముందు రోజు, 20వ స్టేజీ మొదలయ్యే సమయానికి గులాబీ జెర్సీ మెక్సికోకు చెందిన 21 ఏళ్ల ఐజాక్ డెల్ టోరో ఒంటి మీద ఉంది. ఈక్వెడార్ రైడర్ రిచర్డ్ కరాపాజ్ అతనికి 43 సెకన్ల వెనక, యేట్స్ 1 నిమిషం 21 సెకన్ల వెనక ఉన్నారు. దారిలో కొల్లె డెల్లె ఫినెస్ట్రె అనే కొండ ఉంది. 18 కిలోమీటర్లకు పైగా ఎక్కుడు, సగటున ప్రతి వంద మీటర్లకూ తొమ్మిది మీటర్ల పైచిలుకు ఎత్తు, అందులో చివరి ఎనిమిది కిలోమీటర్లు తారు లేని కంకర రోడ్డు. ఏడేళ్ల కిందట, 2018లో, ఇదే కొండ మీద గులాబీ జెర్సీతో ఉన్న యేట్స్ పూర్తిగా కుప్పకూలాడు. క్రిస్ ఫ్రూమ్ అక్కడి నుంచి 80 కిలోమీటర్లు ఒంటరిగా తొక్కి ఆ జీరో ఎగరేసుకుపోయాడు. ఆ నేపథ్యం తెలియకపోతే 2025లో జరిగినదాని రుచి సగం పోతుంది.

ఆ రోజు కొండ మీద యేట్స్ ముందుకు సాగిపోయాడు. డెల్ టోరో, కరాపాజ్ ఒకరినొకరు కనిపెట్టుకుంటూ ఉండిపోయారు. యేట్స్‌ను పట్టుకోవడానికి తాను కష్టపడితే తన వెనకే వచ్చే రెండోవాడు ఆఖర్లో లాభపడతాడని ఇద్దరికీ భయం. కరాపాజ్ లాగినప్పుడల్లా డెల్ టోరో అతన్ని అంటిపెట్టుకున్నాడు గాని ముందుకు రాలేదు. ఈలోగా యేట్స్ జట్టు సహచరుడు వాన్ ఆర్ట్, పొద్దున్నే ముందు గుంపుతో వెళ్లిపోయి ఉన్నవాడు, కొండకు అవతల యేట్స్ కోసం ఆగాడు. యేట్స్ అందుకోగానే గాలిని తాను కోస్తూ లోయ పొడవునా అతన్ని లాక్కుపోయాడు. ఇక పట్టుకోవడం అసాధ్యమని తేలిపోయింది. చివరకు యేట్స్ డెల్ టోరో మీద 3 నిమిషాల 56 సెకన్ల ఆధిక్యంతో జీరో గెలిచాడు. ఆ రోజు స్టేజీ గెలిచింది మాత్రం ఆస్ట్రేలియా రైడర్ క్రిస్ హార్పర్. ఈ గొడవ ఏదీ పట్టకుండా ముందు తన దారిన తాను పోయినవాడు. డెల్ టోరో చేసింది పిరికితనమా, జట్టు కారులోంచి వచ్చిన సలహా లోపమా, లేక ఆ వయసులో ఎవరైనా అంతే చేస్తారా? నా మట్టుకు నేను సలహాదే తప్పంటాను. నాతో ఏకీభవించని మిత్రులున్నారు.

ఆ మిత్రుల్లో ఒకాయనకు కావలిలో సైకిల్ షాపుంది. ఆయన స్టూలు మీద కూర్చుని రిమ్ము బెండు తీస్తూ, చక్రాన్ని వేలితో తిప్పి ఎక్కడ బ్రేకుకు రాసుకుంటోందో చెవితోనే విని పట్టుకుని, ఆ చోట స్పోకు పావు చుట్టు బిగించి, మళ్లీ తిప్పుతూ మాట్లాడతాడు. నేను లెక్కల ఉపాధ్యాయుడిగా పనిచేసి రిటైరయినవాణ్ని గనుక ఆంగ్ల పత్రికల్లోనూ ఫోనులోనూ చదివినది ఆయనకు తెలుగులో చెప్పడం నా వంతు. “ఏంది సార్ ఇది, నాలుగు గంటలు ఒకడి వెనకాల్నే నక్కి నక్కి వచ్చి, ఆఖర్లో ముందుకు దూకినోడికా ప్రైజు?” అని ఆయన మొదట్లో అడిగేవాడు. ఈ ప్రశ్న ఆయన ఒక్కడిదే కాదు, కొత్తగా చూసే ప్రతివాడిదీ. నేను ఆయనకు చెప్పిన జవాబు ఏనాడో పత్రికలో రావలసింది. సమతల రోడ్డు మీద గంటకు 40 కిలోమీటర్లు దాటాక రైడరు శక్తిలో ఎక్కువ భాగం గాలిని తోయడానికే పోతుంది. వేగం రెట్టింపయితే గాలి అడ్డు నాలుగింతలవుతుంది. ముందున్న చక్రాన్ని అంటిపెట్టుకుని వచ్చేవాడికి శ్రమలో మూడో వంతు దాకా కలిసివస్తుంది. అందుకే ఎనిమిది మంది ఉన్న జట్టులో ఏడుగురు తమ శక్తిని ఒకడి కోసం ఖర్చుపెడతారు. వాళ్లు నీళ్ల సీసాలు తెస్తారు, గాలికి ముందుంటారు, పంక్చరయితే తమ చక్రం విప్పి ఇస్తారు. కొండ ఎక్కేటప్పుడు వేగం తగ్గుతుంది గనుక ఈ చాటు పెద్దగా పనిచేయదు. ఎవడి కాళ్లలో ఎంత ఉందో అక్కడ బయటపడుతుంది. ఇది విన్నాక ఆయన అడిగే ప్రశ్నలు మారాయి. ఇప్పుడు నాకంటే ముందు ఆయనే ఏ జట్టులో ఎంతమంది మిగిలారని అడుగుతున్నాడు.

పక్కగాలి సంగతి ఆయనకు చెప్పవలసిన పనే లేకపోయింది. కావలి నుంచి తుమ్మలపెంట సముద్రం రోడ్డున సాయంత్రం పూట సైకిలు మీద వెళ్లేవాడికి కుడి పక్క నుంచి పైరగాలి ఎలా తోస్తుందో తెలుసు. అలాంటి గాలిలో రైడర్లు ఒకరి వెనక ఒకరు కాక, రోడ్డుకు అడ్డంగా ఏటవాలు వరుస కడతారు. రోడ్డు వెడల్పు ఎంతో వరుసలో అంతమందికే చోటు. చోటు దొరకనివారు రోడ్డు అంచున చాటు లేకుండా గాలికి చిక్కుతారు, గుంపు తెగిపోతుంది. 2020 టూర్ ఏడో స్టేజీలో పొగాచర్ ఇలా వెనక గుంపులో చిక్కుకుని 1 నిమిషం 21 సెకన్లు పోగొట్టుకున్నాడు. మరి ఆ ఏడాది అతను టూర్ గెలిచిన తేడా ఎంత? 59 సెకన్లు. ఆఖరి రోజుకు ముందు రోజు కొండ మీదికి సాగిన టైమ్ ట్రయల్‌లో (ఒక్కొక్కరే విడిగా, గడియారంతో పోటీపడి తొక్కే స్టేజీలో), 57 సెకన్ల ముందున్న తన దేశస్థుడు ప్రిమోజ్ రోగ్లిచ్‌ను అధిగమించి అతను మొదటిసారి టూర్ గెలిచాడు. ఏడో రోజు సంగతి చదివినవారికే ఇరవయ్యో రోజు విలువ తెలుస్తుంది. 1989లో ఇంకా దారుణం. ఆఖరి రోజు 24.5 కిలోమీటర్ల టైమ్ ట్రయల్ మొదలయ్యేసరికి ఫ్రాన్స్ రైడర్ లోరాన్ ఫిన్యోన్ 50 సెకన్ల ముందున్నాడు. అమెరికా రైడర్ గ్రెగ్ లెమాండ్ గాలిని చీల్చే కొత్తరకం హ్యాండిల్ బిగించుకుని వచ్చి, మూడు వారాల పందేన్ని 8 సెకన్లతో గెలిచాడు. ఫిన్యోన్ తల మీద హెల్మెట్ కూడా లేకుండా, వెనక పిలక ఎగురుతుండగా తొక్కాడు.

అంత దూరం జరిగే పందెం వార్త మన ఎడిషన్లకు సమయానికి అందదని ఎవరైనా అంటే ఆ మాట నిలవదు. వేసవిలో ఫ్రాన్సుకూ మనకూ తేడా మూడున్నర గంటలు. అక్కడ స్టేజీలు మామూలుగా సాయంత్రం ఐదు, ఐదున్నర ప్రాంతంలో ముగుస్తాయి; మనకు రాత్రి ఎనిమిదిన్నర, తొమ్మిది. పదకొండు దాటాక ముగిసే ఐపీఎల్ మ్యాచ్ పూర్తి వివరాలను మరునాటి ఉదయం ఆరు గంటలకు నెల్లూరులో అందించగల పత్రికకు ఇది కష్టం కాదు. పారిస్‌లో జరిగే చివరి ఆదివారం ఒక్కటి ఆలస్యమవుతుంది. పైగా జూలై వచ్చేసరికి ఐపీఎల్ ముగిసి నెల దాటుతుంది. క్రికెట్ చోటు తగ్గించమని నేను అడగడం లేదు.

చోటు లేదనే మాట కూడా నేను ఒప్పుకోలేను. మన జిల్లా పేజీల్లో ఒంగోలు జాతి ఎద్దుల బండలాగుడు పోటీల వార్త ఎంత శ్రద్ధగా వస్తుందో చూడండి. ఏ ఊరి ఆసామి జత, రెండు పళ్ల విభాగమా నాలుగు పళ్లదా, ఇచ్చిన సమయంలో ఎన్ని అడుగులు, ఎన్ని అంగుళాలు లాగింది, రెండో జత ఎన్ని అడుగుల తేడాతో వెనకపడింది, అన్నీ ఉంటాయి. తిరునాళ్లకు వెళ్లలేని రైతు ఆ అంకెలు చూసి పోటీ ఎంత బిగువుగా సాగిందో ఇంట్లో కూర్చుని చెప్పగలడు. నాకు ఆ వార్తలంటే గౌరవం. సైకిల్ పందేనికి కూడా అదే కొలత వాడమంటున్నాను: స్టేజీ పేరు, దూరం, గెలిచినవాడు, మొత్తం లెక్కలో తొలి ఐదుగురు, వారి మధ్య తేడాలు. ఏడెనిమిది పంక్తుల పట్టిక. దాని కింద ఆ రోజు పందెం ఎక్కడ తిరిగిందో నాలుగు వాక్యాలు.

ఇంకొక సంగతి చెప్పక తప్పదు. నాకు గుర్తున్నంతలో తెలుగు పత్రికల్లో సైక్లింగ్ పేరు పెద్ద అక్షరాల్లో కనిపించింది 2012లో, లాన్స్ ఆర్మ్‌స్ట్రాంగ్ డోపింగ్ బయటపడి 1999 నుంచి 2005 దాకా గెలిచిన ఏడు టూర్ టైటిళ్లూ రద్దయినప్పుడు. ఆ ఏడేళ్లకూ వేరెవరినీ విజేతగా ప్రకటించలేదు. పట్టికలో ఆ వరుసలు నేటికీ ఖాళీ. అది పెద్ద వార్తే, పెద్దగానే వేయాలి. కానీ గెలిచినప్పుడు ఎలా గెలిచాడో చెప్పని పత్రిక పట్టుబడినప్పుడు మాత్రమే మాట్లాడితే, ఈ ఆట మొత్తం మందుల మాయ అనే అభిప్రాయమే పాఠకుడికి మిగులుతుంది. మా చర్చల్లో పొగాచర్ మాట వస్తే చాలు, ‘వీడూ అంతేనేమో’ అనేవాళ్లు లేకపోలేదు. ఆధారం లేకుండా అలా అనడం అన్యాయం; ఈ క్రీడకున్న చరిత్ర తెలిసినవాణ్ని గనుక అనుమానమే వద్దని కూడా అనలేను. రోజూ పందేన్ని అనుసరించే పాఠకుడికి ఈ రెంటి మధ్య నిలబడే ఓపిక వస్తుంది. ఏడాదికొకసారి చదివేవాడికి రాదు.

మహిళల పందెం గురించి అసలు రాయరు. మా బడిలో ఆడపిల్లలు పక్క ఊళ్ల నుంచి సైకిళ్ల మీదే వచ్చేవారు, ఎదురుగాలిలో ఇద్దరేసి ముగ్గురేసి వంతులు మార్చుకుంటూ. ఎవరూ నేర్పని విద్య అది. ఇప్పుడున్న రూపంలో మహిళల టూర్ డి ఫ్రాన్స్ 2022 నుంచి జరుగుతోంది. 2024లో నెదర్లాండ్స్ రైడర్ డెమి వోలెరింగ్ ఐదో స్టేజీలో కిందపడి పసుపు జెర్సీ పోగొట్టుకుంది. ఆఖరి రోజు ఆల్ప్ డ్యుయెజ్ కొండ మీద స్టేజీ గెలిచి తిరిగి అందుకోబోయింది. పోలండ్‌కు చెందిన కసియా నెవియాడోమా వెనక నుంచి ప్రాణం పెట్టి తొక్కి 4 సెకన్ల తేడాతో టూర్ నిలబెట్టుకుంది. పురుషుల పందెం చరిత్రలో అతి తక్కువ తేడా ఆ 1989 నాటి 8 సెకన్లే. ఇలాంటి వార్త మన పేజీల్లో రాకపోవడానికి నాకైతే సబబైన కారణం కనిపించదు.

ఇదంతా యూరప్ వాళ్ల ఆట, మనకెందుకనే వారికి రెండు సంగతులు గుర్తుచేస్తాను. 2024 టూర్‌లో ఎరిట్రియా దేశపు బినియామ్ గిర్మాయ్ మూడు స్టేజీలు గెలిచి, పాయింట్ల నాయకుడికిచ్చే ఆకుపచ్చ జెర్సీతో ఇంటికి వెళ్లాడు. 2025 సెప్టెంబరులో ప్రపంచ రోడ్డు సైక్లింగ్ పోటీలు మొదటిసారి ఆఫ్రికాలో, రువాండా రాజధాని కిగాలీలో జరిగాయి. మన దేశంలో కూడా పూణె పరిసరాల్లో 2026 జనవరిలో అంతర్జాతీయ గుర్తింపుతో స్టేజీల పందెం నిర్వహించారు. అలాంటివి ఇక్కడ నిలదొక్కుకోవాలంటే రోడ్డు పక్కన నిలబడ్డవారికి తాము చూస్తున్నదేమిటో తెలియాలి. గుంపు మన ముందు నుంచి పోవడానికి పట్టేది అర నిమిషం. మిగిలినదంతా చదివి తెలుసుకోవలసిందే.

ఇందుకు మీరు విలేఖరిని ఫ్రాన్సు పంపనక్కర్లేదు. ఏజెన్సీ వార్తలు మీకు రోజూ వస్తూనే ఉంటాయి. చిక్కల్లా, ఆ వార్త ఒక రోజు ఒకరి చేతిలో, మరో రోజు ఇంకొకరి చేతిలో పడటంతో నిన్నటి కథ ఇవాళ రాసేవారికి తెలియకపోవడమే. మొదటి స్టేజీ నుంచి పారిస్ దాకా ఆ పేరాను డెస్కులో ఒక్కరికే అప్పగించండి. పందేనికి మధ్యలో ఎలాగూ రెండు విశ్రాంతి రోజులుంటాయి గనుక ఆ ఉద్యోగి సెలవులు కూడా వాటికి సర్దవచ్చు.

ఇట్లు,
ఒక విశ్రాంత ఉపాధ్యాయుడు,
కావలి, నెల్లూరు జిల్లా.